మిలియన్‌కి కొసరు

లెక్కపెట్టడానికి వీల్లేని వాటిని లెక్కపెట్టి పంపించడం నా ఉద్యోగం. రొయ్య పిల్లలను పెంచి అమ్మే హేచరీలో ప్యాకింగ్ హాలు నేను చూసుకునేదాన్ని. నిరుడు రిటైరయ్యాను. రొయ్య పిల్లను మీరు చూసి ఉండకపోతే చెబుతాను: కనురెప్ప వెంట్రుక ఊడి నీళ్ళలో పడి, అది ఈదుతున్నట్టుంటుంది. అలాంటివాటిని తొట్టెడు ముందు పెట్టి, ఇందులోంచి నాలుగు లక్షలు తీసి ఫలానా చెరువుకి పంపండి అంటారు. పంపేవాళ్ళం. ఎలాగో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. ఒక తెల్ల బేసిన్‌లో కొన్ని వేలు నిజంగానే లెక్కపెట్టి పోసి పక్కన పెట్టుకునేవాళ్ళం. మిగతా బేసిన్లలో పిల్ల అంతే చిక్కగా కనబడేదాకా పోసేవాళ్ళం. కళ్ళతో తూకం వేయడమన్నమాట. ఆ తర్వాత ప్లాస్టిక్ కవర్లలోకి వంపి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు బిగించి, అట్టపెట్టెల్లో వ్యాన్ ఎక్కించేవాళ్ళం.

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె ఫోన్ చేసి, "మేడమ్, మీ రోజుల్లో లెక్కలు దేంట్లో రాసేవారు? కె లోనా, ఎల్ లోనా, ఎమ్ లోనా?" అని అడిగింది. కె అంటే వెయ్యి, ఎల్ అంటే లక్ష, ఎమ్ అంటే మిలియన్, సీఆర్ అంటే కోటి. ఆ అమ్మాయికి అన్నీ కంఠతా వచ్చు. నాకూ వచ్చు. గ్యాసు బావుల దగ్గర పనిచేసే మా చిన్నాన్న కొడుకైతే, వాళ్ళ కాగితాల్లో ఒక్క ఎమ్ వేస్తే వెయ్యేనని, మిలియన్ కావాలంటే రెండు ఎమ్‌లు వేయాలని చెప్పి నన్నోసారి బిత్తరపోయేలా చేశాడు. పెద్ద అంకెలకు పొట్టి పేర్లు పెట్టినవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదని అప్పుడే అనుకున్నాను. మా హేచరీలో మాత్రం ఎమ్ అంటే ఎంతో అందరికీ తెలుసు. పది లక్షలు. అందులో ఎవరికీ అనుమానం లేదు. అయినా కొంప మునగబోయింది. అది ఎలాగో మీలాంటి కొత్తవాళ్ళకి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా హేచరీ కాట్రేనికోన దాటాక సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల వెనక ఉంటుంది. పేరు చెప్పను, దానికి ఇప్పుడు మంచి పేరే ఉంది. ప్యాకింగ్ హాల్లో ఆడవాళ్ళంతా చుట్టుపక్కల పేటలవాళ్ళు. నేనూ అలాంటి పేటలో పుట్టినదాన్నే. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది. కోత కూలి ధాన్యంగా కొలిచే రోజుల్లో, కొలత అయిపోయాక ఆసామి రెండు దోసిళ్ళు పైన పోసేవాడు. అది కొసరు. అది పోయని ఆసామి పొలంలోకి మర్నాడు మావాళ్ళు పొద్దెక్కాక తీరిగ్గా వెళ్ళేవారు. నేను మిషన్ స్కూల్లో చదువుకుని, అమలాపురంలో బీయస్సీ చేసి, కుర్చీలో కూర్చునే ఉద్యోగం తెచ్చుకున్నా, సరిగ్గా కొలిచి ఇచ్చి చేతులు దులుపుకునేవాళ్ళంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

అందుకని మా హాల్లో లక్ష ఎప్పుడూ లక్ష దగ్గర ఆగేది కాదు. లక్షకి పాతిక వేలు కొసరు. దారిలో కొన్ని పోతాయి, చెరువు నీళ్ళు పడక కొన్ని పోతాయి, రైతు మునిగిపోకూడదు కదా. ఇది ఎక్కడా రాసి ఉండదు గానీ అందరికీ తెలిసిన సంగతే. నాలుగు లక్షలు అడిగే రైతు ఐదు వస్తాయని తెలిసే అడుగుతాడు. ఆ కొసరు వేసే అధికారం ఒక్కరిదే. హాల్లో అందరికంటే వయసులో పెద్దావిడ, మేమంతా పెద్దక్క అని పిలిచేవాళ్ళం. కవర్లన్నీ కట్టేశాక ఆవిడ వచ్చి, ఎన్నయ్యాయో అడిగి, ఇంకో వరస కవర్లు కట్టించేది. కట్టించేటప్పుడు ముఖంలో ఆ కాసేపూ పది ఎకరాల ఆసామి కళ ఉండేది. మేనేజరుగారైనా అప్పుడు అడ్డు చెప్పేవారు కాదు.

ఇలా ఉండగా మా కంపెనీ పెద్దదైంది. హైదరాబాదులో హెడ్డాఫీసు, అక్కడ ఒక కొత్త సాఫ్ట్‌వేరు, దాన్ని మాకు నేర్పడానికి ఒక సిస్టమ్స్ ఆఫీసరు. ముప్పై ఏళ్ళుంటాయి, మంచి మర్యాదస్తుడు. గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, "మేడమ్, లక్షలూ కోట్లూ మన దేశం దాటితే ఎవరికీ అర్థం కావు. రేపు బయటి కంపెనీలు మనతో కలుస్తాయి. వాళ్ళకి ఎమ్ అంటేనే తెలుస్తుంది. ఇకనుంచి ఆర్డర్లన్నీ మా ఆఫీసులోనే ఎమ్‌లోకి మార్చి పంపుతాం. ట్యాగు మీద ఏముందో అది ప్యాక్ చేయడమే మీ పని" అన్నాడు.

పెద్దక్క చెయ్యెత్తి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఎమ్మంటే ఎన్ని లక్షలండీ?"

"పది లక్షలమ్మా."

"ఆయ్" అంది. అంతే. శిక్షణ విజయవంతంగా ముగిసింది. ఆయన రెండు కొబ్బరి బొండాలు తాగి, అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. మా హాల్లో అతనికి మిలియన్ బాబుగారు అని పేరు స్థిరపడిపోయింది.

ఆ సీజన్ మొదలైన నెల తిరిగేసరికి మాకు ఫోన్ల మీద ఫోన్లు. తిట్లు కావు, పొగడ్తలు. "ఏవండీ, ఈసారి మీ పిల్ల భలేగా నిలిచిందండి. ఎప్పుడూ ఇంతలా నిలవలేదండి బాబూ" అని పెద్ద పెద్ద రైతులు ఫోన్ చేసి మరీ చెప్పారు. చెరువులో వేసిన పిల్ల చావకుండా బతకడాన్ని నిలవడం అంటారు. మేనేజరుగారు తల్లి రొయ్యలకి మార్చిన మేత వల్లే అన్నారు. ల్యాబువాళ్ళు నీళ్ళు శుద్ధి చేసే పద్ధతి వల్ల అన్నారు. హెడ్డాఫీసు కొత్త సాఫ్ట్‌వేరు వల్ల అని అభినందనలు పంపింది. పెద్దక్క మాత్రం ప్రార్థన వల్ల అంది. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు కాదనాలి? పొగడ్తకి కారణం వెతుక్కునేంత తెలివి ఎవరికి ఉంటుంది!

ఆ పొగడ్తల మధ్యలో ఒక ఉదయం రైతు ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. స్కూటీ మీద, తలకి తువ్వాలు చుట్టుకుని, కాళ్ళకి ఎండిన బురదతో నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చేసింది. పక్క ఊళ్ళో రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని మొదటి పంట వేసింది. చాలా ఏళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంట చేసి వచ్చిన మనిషని మా హాల్లో అందరికీ తెలుసు.

"మేడమ్‌గారూ, మీరిచ్చిన పిల్లకి ఏదో రోగం ఉందండి. తెల్లారేసరికి మూతులు పైకెట్టి తేలిపోతున్నాయండి. ఏరేటర్లు ఆపకుండా తిప్పుతున్నాను. అయినా అంతేనండి."

ఏరేటర్లంటే చెరువులో నీళ్ళు చిమ్మి గాలి కలిపే చక్రాలు. మేనేజరుగారు కుర్చీలోంచి లేవకుండానే, "ఊరంతా మా పిల్ల బాగుందంటుంటే మీ ఒక్కరి చెరువులోనే రోగం ఎలా వస్తుందమ్మా?" అన్నారు.

"అదేనండి నేనూ అడుగుతున్నది!" అంది ఆవిడ.

నేను ఆవిడని బయటికి తీసుకొచ్చి, కుళాయి దగ్గర కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, అప్పటిదాకా ఉన్న గట్టితనమంతా వదిలేసింది. "మా ఆయన నా పాస్‌పోర్టు అట్టికెళ్ళి రాజోల్లో ఏజెంటుకి ఇచ్చేసేరండి. చెరువు బాగా లేదని తెలిసిన రోజే ఇచ్చేసేరు. ఈ పంట పోతే నెలాఖరుకల్లా నన్ను మళ్ళీ విమానం ఎక్కించేస్తారండి. మా ఇంట్లోవాళ్ళకి, నేను ఇక్కడ చెరువులో కంటే అక్కడ వంటింట్లోనే బాగా పండుతానని నమ్మకం."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మీ పిల్లలు?"

"ఒక్కతే అండి. ఇంటరు. ఫోన్లో కనబడే అమ్మగానే ఎరుగును నన్ను. ఇప్పుడిప్పుడే నాచేత జడ వేయించుకుంటందండి."

ఆ మాట విన్నాక ఇక ఊరుకోలేకపోయాను. నాలుగు రొయ్యలు తెప్పించి ల్యాబులో పరీక్ష చేయించాను. మాకు భయమున్న రోగాల్లో ఒక్కటీ లేదు. శుభ్రమైన, మెరిసిపోతున్న, పొట్టనిండా తిన్న రొయ్యలు. ఆరోగ్యంగా ఉన్నది ఊపిరాడక ఎందుకు కొట్టుకుంటుందో నాకు అంతుపట్టలేదు. మర్నాడు తెల్లవారుతూనే ఆ చెరువు దగ్గరికి బయల్దేరాను. పెద్దక్క కూడా ఆటో ఎక్కేసింది. "నా చేతి మీద వెళ్ళిన పిల్లండి. నేను చూడద్దా?" అంది.

మేం వెళ్ళేసరికి ఆవిడ గట్టు మీదే ఉంది. కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నిలబడింది. నీళ్ళ మీద చిన్న చిన్న మీసాలు ఎక్కడ చూసినా. ఒక మనిషిని పిలిచి విసురువల వేయించాను. పైకి లాగడానికి అతను నడుం వంచాల్సి వచ్చింది. అటువైపు మూలకి పోయి మళ్ళీ వేయించాను. అక్కడా అంతే. పెద్దక్క వల్లోంచి గుప్పెడు తీసి, పురిటి బిడ్డని చూసినట్టు చూసి, "ఎంత బాగా నిలిచేయండీ!" అని మురిసిపోయింది.

నేను మాత్రం గట్టు మీద చతికిలబడి, వలకి పడినవాటిని బట్టి చెరువులో ఎన్ని ఉండాలో ఉజ్జాయింపు వేశాను. ఐదు లక్షలు దాటుతున్నాయి. ఎలా తిప్పి వేసినా దాటుతున్నాయి. నా సర్వీసంతా ఎన్ని చచ్చాయో లెక్క వేయడమే గానీ, పంపినవాటికంటే ఎక్కువ బతికిన చెరువు నేను చూడలేదు.

"మీరు ఎన్ని అడిగేరమ్మా?"

"నాలుగు లక్షలండి. కొసరుతో ఐదొస్తాయని, నా ఏరేటర్లకి సరిపోతాయని లెక్కేసుకునే అడిగేను."

"పెద్దక్కా, ట్యాగు మీద ఎంతుంది?"

"పాయింట్ ఐదు ఎమ్మండి. అంటే ఐదు లక్షలు. దాని మీద మన కొసరు వేసేను."

అక్కడే నిలబడి హైదరాబాదుకి ఫోన్ చేశాను. మిలియన్ బాబుగారు నిద్రమత్తులోనే ఎత్తాడు. స్పీకరు పెట్టాను.

"నాలుగు లక్షల ఆర్డరుకి పాయింట్ ఐదు ఎమ్ అని ఎందుకు కొట్టేరు బాబూ?"

"మీరు ఇచ్చే బోనస్ మేమే కలిపేశాం మేడమ్. మీ దగ్గర లక్షకి పాతిక వేలు ఇస్తారని తెలుసుకుని, రైతులకి ఆ అలవాటు పోకూడదని, ఆఫీసులోనే లెక్కగట్టి ట్యాగు వేయిస్తున్నాం. ట్యాగులో ఉన్నది ప్యాక్ చేయడమే మీ పని అని చెప్పాను కదా."

పెద్దక్క ఫోన్ మీదకి వంగింది. "బాబుగారూ, మీరు కలిపేరని మాకెవరు చెప్పేరండీ? ఎమ్మయితే మాత్రం కొసరు వేయకుండా ఎలా పంపుతామండి? మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

లక్షని మిలియన్ చేసినవాళ్ళు కొసరు కలిపి పంపారు. మిలియన్‌ని అందుకున్నవాళ్ళు కొసరు లేని సరుకు పంపడం ఇష్టంలేక మళ్ళీ కలిపారు. ఇద్దరూ రైతు బాగుండాలనే చేశారు. ఎవరూ ఎవరినీ అడగలేదు, ఎందుకంటే ఎమ్ అంటే ఎంతో అందరికీ తెలుసు!

"అయితే మేడమ్... ఈ సీజనంతా... అందరికీ?" అన్నాడతను చివరికి.

"అందరికీ. అందుకే పొగిడేరు" అన్నాను. అనగానే నాకు నవ్వు ఆగలేదు. తల్లి రొయ్యల మేతా, శుద్ధి చేసిన నీళ్ళూ, అభినందనలూ అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. పెద్ద రైతులకి డజన్ల కొద్దీ ఏరేటర్లుంటాయి, ఎన్ని వచ్చినా భరిస్తాయి. చాలీచాలని చక్రాలతో లెక్కేసుకుని వేసినావిడకి మాత్రం మా మంచితనం గొంతు మీద కూర్చుంది.

"ఎందుకండీ నవ్వుతున్నారు?" అంది ఆవిడ కోపంగా. న్యాయమే.

"మీ రొయ్యలకి రోగం లేదమ్మా. ఎక్కువయిపోయాయి, అంతే. పీల్చుకోవడానికి గాలి చాలట్లేదు."

ఆవిడ నన్ను చూసి, చెరువుని చూసి, మళ్ళీ నన్ను చూసింది. "రోగం కాదాండీ?"

"కాదు."

"అయితే బతుకుతాయాండీ?"

"కొన్నిటిని ఇంకోచోటికి పంపేస్తే బతుకుతాయి. ఆకాశం చూస్తే మబ్బు పట్టేలా ఉంది. మబ్బు రోజున నీళ్ళలో గాలి ఇంకా తగ్గుతుంది. రేపే చేయాలి."

పక్క చెరువు ఆసామి అప్పటికే గట్టు దిగి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతనిది నీళ్ళు పెట్టి సిద్ధంగా ఉన్న చెరువు, మా హేచరీ పిల్ల కోసమే ఎదురుచూస్తోంది. సంగతంతా చెప్పి, ఈ చెరువులోంచి కొన్ని రొయ్యల్ని తీసుకుంటారా అని అడిగాను. ఎవరి రొయ్యలో తన చెరువులోకి దింపుకోవడానికి ఏ రైతైనా హడలిపోతాడు. పరీక్ష ఫలితం ఫోన్లో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివాడు.

"నెల దాటిన రొయ్య ఊరికే వస్తుంటే వద్దంటానాండీ? కానీ ఊరికే తీసుకుంటే ఊళ్ళో మాటొస్తుంది. నా దగ్గర రెండు ఏరేటర్లు ఖాళీగా ఉన్నాయి. అవి ఈవిడ చెరువులో దింపిస్తాను. పంట అయ్యాక ఇచ్చేయమనండి" అన్నాడు. ఆ పెద్దమనిషిని అక్కడికక్కడే దండ వేసి ఊరేగిద్దామనిపించింది.

చిక్కంతా మా మేనేజరుగారితో వచ్చింది. "ఇది బయటికి పొక్కితే హేచరీ పరువేం కావాలి? వ్యాను, ఆక్సిజన్ సిలిండర్లు, మన ఆడవాళ్ళు... అంటే మన తప్పని ఒప్పుకున్నట్టే కదా" అని ఫోన్లో నసిగారు. ఆయన చెడ్డవాడు కాదు, పై నుంచి వచ్చే ఫోనుకి భయపడే మనిషి. ఆ ఫోను మిలియన్ బాబుగారే చేశాడు. "సార్, పొరపాటు ఎవరిదో తీరిగ్గా తేల్చుకుందాం. ముందు వ్యాను పంపండి. నేను వస్తున్నాను" అన్నాడట. ఆ మాటతో అతని మీద నాకు గౌరవం కలిగింది, ఇప్పటికీ ఉంది.

మర్నాడు చల్లటి వేళలోనే పని మొదలుపెట్టాం. కూతురు రాత్రంతా నిద్రపోకుండా ఏరేటర్లకి కాపలా కాసిందట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పంటకొచ్చిన చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడివాళ్ళు లాగుడువల దింపారు. రొయ్యని ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి మార్చడం అంత తేలికేం కాదు. గుల్ల విడిచి మెత్తగా ఉన్నవి ఒత్తిడికి చచ్చిపోతాయి, గాలి అందక కొన్ని పోతాయి. వలలోంచి బుట్టల్లోకి, బుట్టల్లోంచి ఆక్సిజన్ పెట్టిన తొట్లలోకి, అక్కడినుంచి పక్క చెరువులోకి. మా హాలు ఆడవాళ్ళు గట్టు పొడవునా వరసగా నిలబడి చేతులు మార్చారు. పెద్దక్క అందరినీ అదిలిస్తూ, "మెల్లిగా, మెల్లిగా! పిల్లని ఉయ్యాల్లో వేసినట్టు వేయండే!" అని అరుస్తోంది.

మిలియన్ బాబుగారు రావులపాలెంలో బస్సు దిగి, అక్కడినుంచి ఏదో బండి పట్టుకుని వచ్చేసరికి పని సగంలో ఉంది. నల్లబూట్లు, ఇస్త్రీ ప్యాంటు. ఒక్క క్షణం బురదని చూశాడు. తర్వాత బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, ప్యాంటు మడిచి, వరసలో ఖాళీ ఉన్నచోట నిలబడ్డాడు. మొదటి బుట్ట అందుకోగానే రొయ్య ఒకటి ఎగిరి అతని చొక్కా జేబులో పడింది. ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. చెరువు ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ ప్రతి బుట్టనీ చూస్తూ ఉంది, పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"ఎంత తీయాలండీ?" అని పట్టుబడి మేస్త్రి నన్ను అడిగాడు. లక్షల్లో చెప్పనా, ఎమ్‌లో చెప్పనా అని మిలియన్ బాబుగారి వైపు చూశాను. అతను తల వంచుకుని నవ్వాడు. "మూడో వంతు. అంతకి మించకండి" అన్నాను.

మూడో వంతు వరకు వచ్చిందనుకున్నాక చెయ్యెత్తి ఆపమన్నాను. వల పైకి లేచింది. అంతలో పెద్దక్క వలలో మిగిలిన రొయ్యల్ని ఒక బుట్టకి ఎత్తేసి, పక్క చెరువు వైపు గబగబా నడిచింది.

"పెద్దక్కా, అదెందుకు? సరిపోయిందని చెప్పేను కదా!"

ఆవిడ ఆగి, నా వైపు తిరిగి, చాలా సహజంగా, "కొసరండి" అంది.

ముందుగా నవ్వింది చెరువు ఆవిడే. పొట్ట పట్టుకుని, గట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. కూతురు భయపడి దగ్గరికి వెళ్ళింది. "ఏం లేదే, ఏం లేదు" అంటూ దాన్ని పట్టుకుని ఇంకా నవ్వింది. అది నవ్వో ఏడుపో చివర్లో నాకూ తెలియలేదు. ఆ బుట్టని మాత్రం వెళ్ళనిచ్చాం. పక్క చెరువాయన తన రెండు ఏరేటర్లూ దింపించి తిప్పించాడు.

పని అయిపోయినా అసలు గండం మిగిలే ఉంది. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. నేను ఇంటికి వెళ్ళానే గానీ అన్నం సహించలేదు. మా ఆయన, "రొయ్యలు తేలితే నువ్వేం చేస్తావు, పడుకో" అన్నారు. ఆయన చెప్పినంత తేలిగ్గా నిద్ర వస్తుందా? తెల్లారగానే ఫోన్ మోగింది. ఆవిడ పేరు చూసి గబుక్కున ఎత్తాను.

"మేడమ్‌గారూ, చూసేనండి. చెరువు చుట్టూ తిరిగేను. ఒక్క మూతీ కనబడలేదండి. నీళ్ళు ఖాళీగా ఉన్నాయండి, ఏమీ లేనట్టు. అడుగున ఉన్నట్టేనాండీ?"

"అడుగునే ఉన్నాయమ్మా. మేత వేసి చూడండి."

"వేసేనండి. తినేసేయి."

అంత హాయి నా ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. నాకు నేనే ఒక గ్లాసు కాఫీ కలుపుకుని, వెళ్ళి పెరట్లో అరుగు మీద కూర్చుని తాగాను. మంచం మీది నుంచి మా ఆయన, "తేలలేదా?" అన్నారు. తేలలేదని చెబితే, "నేను చెప్పలేదూ!" అన్నారు.

తర్వాత జరిగింది త్వరగానే చెప్పొచ్చు. హెడ్డాఫీసులో ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరికీ మెమో రాలేదు. మిలియన్ బాబుగారు ఆ సాఫ్ట్‌వేరు మార్చాడు. బయటి కంపెనీలకి వెళ్ళే కాగితాల్లో ఎమ్ అలాగే ఉంది. మా ట్యాగుల మీద మాత్రం రైతు అడిగినంతే, అడిగిన మాటల్లోనే, లక్షల్లో వస్తుంది. దాని కింద ఇంకో గడి పెట్టాడు. ఆ గడికి ఇంగ్లీషులో ఏం పేరు పెట్టాలో తోచలేదట. తెలుగులోనే ‘కొసరు’ అని వేశాడు. అందులో అంకె వేసేది పెద్దక్క ఒక్కతే. హెడ్డాఫీసు దాన్ని మార్చలేదు, మార్చే అధికారం కూడా వాళ్ళకి ఇవ్వలేదని అతను నాకు గర్వంగా చెప్పాడు. కొత్తవాళ్ళకి నేను చెప్పేది కూడా ఇంతే: ఒక అంకె మీ చేతికి వస్తే, దాని విలువెంత అని అడగడంతో సరిపెట్టుకోకండి. ఇది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చింది, వాళ్ళు ఇందులో ఏం కలిపారు అని కూడా అడగండి.

ఆవిడ పంట బాగా వచ్చింది. పట్టుబడి అయిన వారంలో ఆవిడ మా హాలుకి వచ్చింది. ఈసారి కాళ్ళకి బురద లేదు. చేతిసంచీలోంచి పాస్‌పోర్టు తీసి నా బల్ల మీద పెట్టింది.

"రాజోలు వెళ్ళి తెచ్చేసుకున్నానండి. ఏజెంటు ఇవ్వనన్నాడు. అక్కడే కూచుండిపోయేను, ఇచ్చేసేడు. ఇది మీ బీరువాలో పెట్టుంచండి మేడమ్‌గారూ."

"మీ ఇంట్లో పెట్టుకోవచ్చు కదమ్మా."

"ఇంట్లో ఉంటే ఎవరికో ఒకరికి గుర్తొస్తుందండి" అంది.

థర్మామీటర్లూ రబ్బరు బ్యాండ్ల కట్టలూ ఉండే బీరువాలో, పై అరలో పెట్టి తాళం వేశాను. తర్వాత ఒక పంట, ఇంకో పంట. ఒకటి అంతంత మాత్రంగా వచ్చింది, ఇంకొకటి బాగా వచ్చింది. ఆవిడ దాని ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నిరుడు నేను రిటైరయ్యే రోజున బీరువా అప్పజెబుతూ దాన్ని చూశాను. ఫోన్ చేస్తే ఆవిడ కూతురితో కలిసి వచ్చింది. అమ్మాయి డిగ్రీలో చేరింది, జడ ఒత్తుగా, బిగించి వేసి ఉంది. పాస్‌పోర్టు చేతికిచ్చి, "గడువు తీరిపోయిందమ్మా, కొన్ని నెలలయింది. మళ్ళీ చేయించుకోవాలంటే చేయించుకోవచ్చు" అన్నాను.

ఆవిడ దాన్ని తెరిచి, అందులో తన ఫోటో కేసి కాసేపు చూసింది. తర్వాత మూసి సంచీలో వేసుకుని, ఆ పని ఎంత ముఖ్యమైనదో అంత మామూలుగా పెద్దక్క వైపు తిరిగింది.

"వచ్చే పంటకి నాకు నాలుగు లక్షలు రాయించు అక్కా. కొసరు మాత్రం ఒక్కసారే వెయ్యి."